ఫొటోలు కలిపే ముందు కాగితం కొలవండి

షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో, వీసా దరఖాస్తుకో నాలుగైదు ఫొటోలను ఒకే ఫొటోగా చేయాల్సి వస్తే చాలామంది ముందుగా పెయింట్ తెరిచి ఒక ఫొటో పేస్ట్ చేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మొదటి ఫొటో తెరంతా పరుచుకుంటుంది. రెండోది దాని మీద పడి సగం మూసేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన మూడోది అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. మూలలు పట్టి లాగితే ముఖాలు సాగుతాయి. ఎలాగో పూర్తిచేసి స్టూడియోకి పంపితే, ప్రింటులో మసకగా ఉంటుంది, లేదా అంచున ఉన్నవాళ్ల తలలు తెగిపోతాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకుని ఫొటోషాప్ కోసం వెతుకుతారు. ఈ పనికి అంత అవసరం లేదు. విండోస్‌తో వచ్చే పెయింట్, ఇంట్లో వాడుకోవడానికి ఉచితంగా దొరికే ఇర్ఫాన్‌వ్యూ చాలు. కావాల్సిందల్లా ఒక చిన్న లెక్క. దాన్ని ఫొటోలు తెరవకముందే వేసుకోవాలి.

పిక్సెల్ లెక్క

డిజిటల్ ఫొటో అంటే రంగు గళ్ల పట్టిక. ఒక్కో గడి ఒక పిక్సెల్. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా ఫొటోలో అడ్డంగా సుమారు 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు ఉంటాయి. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 దగ్గరకు పడిపోవచ్చు. పాత ఫోన్లలో తీసినవి 640×480 కూడా ఉంటాయి. పేస్ట్ చేసేటప్పుడు పెయింట్ పిక్సెల్‌కు పిక్సెల్ పెట్టేస్తుంది తప్ప, ఈ మూడూ పక్కపక్కన సమానంగా కనిపించాలన్న మన ఉద్దేశం దానికి తెలియదు. 4000 వెడల్పున్న ఫొటో ముందు 640 వెడల్పున్నది ఆరో వంతు కూడా ఉండదు.

అందుకే లెక్క కాగితం నుంచి మొదలవ్వాలి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే గళ్లు కంటికి కనిపించవు. ఆ లెక్కన స్టూడియోలో దొరికే 4×6 అంగుళాల కాగితానికి 1200×1800 పిక్సెళ్లు కావాలి. ఏ4 కాగితానికి 2480×3508. గోడకు తగిలించే 12×18 ఫ్రేముకు 3600×5400 ఉండాలి గానీ, దాన్ని నాలుగడుగుల దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 200 చొప్పున 2400×3600 ఉన్నా సరిపోతుంది. ఫ్లెక్సీలకు ఇంకా తక్కువ వాడతారు కదా అంటే, వాటిని రోడ్డు అవతలి నుంచి చూస్తాం. చేతిలో పట్టుకునే ఫొటోకు ఆ లెక్క పనికిరాదు.

కొలత మిల్లీమీటర్లలో చెబితే దాన్ని 25.4తో భాగించి 300తో గుణించండి. 35 మి.మీ. అంటే 413 పిక్సెళ్లు, 45 మి.మీ. అంటే 531. పాన్ కార్డు కొలత 85.6×54 మి.మీ. కాబట్టి అది 1011×638.

డీపీఐ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఫైలు ప్రాపర్టీస్‌లో 72 డీపీఐ అని కనిపిస్తే దాన్ని 300కి మారిస్తే నాణ్యత పెరుగుతుందని అనుకుంటారు. ఆ అంకె, కాగితం మీద ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు సర్దాలో ప్రింటర్‌కు చెప్పే సూచన మాత్రమే. అది మార్చినంత మాత్రాన ఫొటోలోకి కొత్తగా ఒక్క పిక్సెల్ కూడా రాదు. చూడాల్సింది వెడల్పు, ఎత్తు అంకెలనే.

పెయింట్‌లో కాగితం పరచడం

పెయింట్ తెరిచి కంట్రోల్+ఈ నొక్కితే కాన్వాస్ కొలతల పెట్టె వస్తుంది. యూనిట్లలో పిక్సెల్స్ ఎంచుకుని 1800, 1200 అని ఇవ్వండి. 4×6 కాగితం అడ్డంగా సిద్ధమైనట్టే. దీన్ని వెంటనే పీఎన్‌జీగా (వివరం పోకుండా దాచే ఫైలు రకం) సేవ్ చేసుకోండి.

ఇప్పుడు అసలు ఫొటోలను నేరుగా దీంట్లోకి తేకూడదు. కాన్వాస్ కన్నా పెద్ద ఫొటో పేస్ట్ చేస్తే పెయింట్ కాన్వాస్‌ను ఆ ఫొటో అంత పెంచేస్తుంది. 1800×1200 అనుకుంటూ మీరు పని చేస్తుంటారు, అది 4000×3000 అయి కూర్చుంటుంది. అన్నీ సర్దాక చూస్తే కుడి వైపు, కింద బోలెడంత తెల్ల జాగా మిగులుతుంది, లేదా ఫొటోలన్నీ ఒక మూలకు చేరి చిన్నవిగా కనిపిస్తాయి. ఇలా పాడయ్యే సందర్భాలు మిగతా అన్నిటికన్నా ఎక్కువ. ఒక్కో ఫొటోను విడిగా వేరే పెయింట్ కిటికీలో తెరిచి, కత్తిరించి, కావాల్సిన కొలతకు తగ్గించి, కొత్త పేరుతో సేవ్ చేసి, అప్పుడు కాపీ చేసి తెచ్చుకోవాలి. ప్రతి పేస్ట్ తర్వాత కింద స్టేటస్ బార్‌లో కాన్వాస్ కొలత ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి.

తగ్గించడానికి కంట్రోల్+డబ్ల్యూ. పర్సెంటేజ్ బదులు పిక్సెల్స్ ఎంచుకుని, మెయింటెయిన్ ఆస్పెక్ట్ రేషియో దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోండి. టిక్ ఉంటే ఒక అంకె ఇస్తే రెండోది అదే వస్తుంది. ఆ టిక్ తీసేసి రెండు అంకెలూ మనమే ఇస్తే ముఖాలు ఉబ్బుతాయి, లేదా నిలువుగా సాగుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పేస్ట్ చేసిన ఫొటో చుట్టూ చుక్కల గీత కనిపిస్తుండగా కంట్రోల్+డబ్ల్యూ వాడితే ఆ ఒక్క ఫొటోయే మారుతుంది. గీత పోయాక వాడితే కాన్వాస్ మొత్తం, దాని మీద అప్పటికే అతికించినవన్నీ కుంచించుకుపోతాయి.

గీత బయట ఒక్కసారి క్లిక్ చేస్తే ఫొటో కాన్వాస్‌లో కలిసిపోతుంది. తర్వాత దాన్ని జరపాలంటే కింద తెల్ల మచ్చ పడుతుంది. క్లిక్ చేసే ముందే బాణం గుర్తు మీటలతో ఒక్కో పిక్సెల్ చొప్పున జరిపి స్థానం ఖాయం చేసుకోండి. పొరపాటైతే కంట్రోల్+జెడ్. విండోస్ 11లోని పెయింట్‌కు 2023లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే విడి పొరలు, వచ్చాయి. మీ దగ్గర ఆ వెర్షన్ ఉంటే ఒక్కో ఫొటోను ఒక్కో లేయర్‌లో పెట్టుకోండి, ఈ బాధ చాలా వరకు తప్పుతుంది.

పాస్‌పోర్ట్ ఫొటోల షీటు

లెక్క చక్కగా కుదిరే పని ఇది. 35×45 మి.మీ. ఫొటోలు 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి, నాలుగు చొప్పున రెండు వరుసలు. ఒక్కో ఫొటో 413×531. కాగితాన్ని ఎనిమిది సమాన గళ్లుగా చేస్తే ఒక్కో గడి 450×600. అంటే ఫొటో చుట్టూ కత్తెరకు కావాల్సినంత జాగా దానంతటదే వస్తుంది.

ముందు ముఖం ఉన్న ఫొటోను సరైన నిష్పత్తిలో కత్తిరించాలి. 35కి 45 అంటే 7కి 9. ఫోన్ నిలువు ఫొటో 3కి 4. రెండూ దగ్గరగానే ఉన్నా ఒకటి కావు. 3000×4000 ఫొటోను బలవంతంగా 413×531 చేస్తే ముఖం వెడల్పు దాదాపు నాలుగు శాతం పెరుగుతుంది. చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది గానీ ఏమిటో చెప్పలేరు. పెయింట్‌లో సెలెక్ట్ సాధనంతో తల, భుజాల చుట్టూ గీత లాగుతుంటే స్టేటస్ బార్‌లో ఆ పెట్టె కొలత కనిపిస్తూ ఉంటుంది. అది 1400×1800 అయ్యేలా లాగి, కంట్రోల్+షిఫ్ట్+ఎక్స్‌తో క్రాప్ చేసి, వెడల్పు 413 ఇవ్వండి. ఎత్తు 531 అదే వస్తుంది. 700×900 పెట్టె అయినా ఫలితం ఒకటే. కానీ మీరు ఎంచుకోగలిగిన పెట్టె 413×531 కన్నా చిన్నదైతే, ఆ ఫొటో ఈ పనికి చాలదు. పెళ్లిలో నిలువెత్తున తీసిన వాట్సాప్ ఫొటోలోంచి ముఖం కత్తిరించి పెంచితే వచ్చేది అదే మసక. ఇంకో ఫొటో తీసుకోవడమే మార్గం.

వెనక తెల్లగా, కాగితమూ తెల్లగా ఉంటే ఎక్కడ కత్తిరించాలో తెలియదు. అందుకని ఫొటో చుట్టూ ఒక్క పిక్సెల్ మందంతో లేత బూడిద రంగు దీర్ఘచతురస్రం గీయండి. తర్వాత 450×600 కొత్త కాన్వాస్ తెరిచి ఈ ఫొటోను మధ్యలోకి తెచ్చి పెట్టండి. రెండు మూడు పిక్సెళ్లు అటూఇటూ అయినా ఫర్వాలేదు.

ఇక ఎనిమిది సార్లు పేస్ట్ చేయక్కర్లేదు, మూడు సార్లు చాలు. కంట్రోల్+ఏ, కంట్రోల్+సీతో గడి మొత్తం కాపీ చేయండి. కంట్రోల్+ఈలో వెడల్పు 900 చేయండి, పేస్ట్ చేసి కుడి అంచుకు జరపండి. ఇప్పుడు రెండు ఫొటోలు. మళ్లీ మొత్తం కాపీ చేసి, వెడల్పు 1800 చేసి, పేస్ట్ చేసి కుడికి జరపండి. నాలుగు. మళ్లీ మొత్తం కాపీ, ఎత్తు 1200, పేస్ట్, కిందికి. ఎనిమిది. అంచులన్నీ తెల్లగా ఉంటాయి కాబట్టి ఒక పిక్సెల్ అటూఇటూ పడినా కనిపించదు.

అమెరికా వీసాకు అడిగే 2×2 అంగుళాల ఫొటో ఇంకా తేలిక. ఒక్కోటి 600×600, 4×6 కాగితంలో సరిగ్గా ఆరు పడతాయి, మధ్యలో సందు లేకుండా. ఆ ఫొటోలో గడ్డం నుంచి నడినెత్తి వరకు 25 నుంచి 35 మి.మీ. ఉండాలి, అంటే సుమారు 300 నుంచి 413 పిక్సెళ్లు. ఇది క్రాప్ చేసేటప్పుడే కొలుచుకోవాలి. వీసా ఫొటోలో ముఖం మీద మచ్చలు తుడవడం, రంగు తేల్చడం లాంటి దిద్దుబాట్లు చేయకూడదు. కత్తిరించడం, కొలత మార్చడం వరకే.

వేర్వేరు ఆకారాల ఫొటోలు ఒకే వరుసలో

కొలాజ్ చేసేటప్పుడు కళ తెలిసినవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. ఒకటి అడ్డ ఫొటో, ఒకటి నిలువు ఫొటో, ఇంకొకటి కెమెరాతో తీసిన ఇంకాస్త వెడల్పు ఫొటో. మూడిటినీ ఏమీ కత్తిరించకుండా ఒకే ఎత్తులో, సందులు సమానంగా, వరుస చివర ఖాళీ మిగలకుండా పెట్టాలి. చేత్తో లాగుతూ పోతే గంట పట్టినా కుదరదు. లెక్కతో రెండు నిమిషాలు.

ప్రతి ఫొటో వెడల్పును ఎత్తుతో భాగించండి. ఫోన్ అడ్డ ఫొటో 4000×3000 అయితే 1.333. నిలువుది 3000×4000 అయితే 0.75. కెమెరా ఫొటో 6000×4000 అయితే 1.5. మూడూ కలిపితే 3.583. కాన్వాస్ వెడల్పు 1800లోంచి సందులు తీసేయండి. ఎడమ అంచు, రెండు మధ్య సందులు, కుడి అంచు, ఒక్కోటి 20 చొప్పున 80. మిగిలింది 1720. దాన్ని 3.583తో భాగిస్తే 480. అదే వరుస ఎత్తు. ఇప్పుడు మూడు ఫొటోలనూ ఒక్కొక్కటిగా తెరిచి ఎత్తు 480 ఇవ్వండి. వెడల్పులు వాటంతటవే 640, 360, 720 వస్తాయి. కూడి చూడండి, సరిగ్గా 1720. మొదటిది ఎడమ నుంచి 20వ పిక్సెల్ దగ్గర, రెండోది 680 దగ్గర, మూడోది 1060 దగ్గర మొదలవ్వాలి. మౌస్ ఎక్కడుందో స్టేటస్ బార్ చూపిస్తూనే ఉంటుంది.

కింద వరుసలో రెండు అడ్డ ఫొటోలు పెట్టాలనుకోండి. సందులు మూడే కాబట్టి 1740 మిగులుతుంది. నిష్పత్తుల మొత్తం 2.667. ఎత్తు 652, ఒక్కోటి 870 వెడల్పు. రెండు వరుసల ఎత్తు కలిపితే 1132, కాన్వాస్ ఎత్తు 1200, మిగిలిన 68ని పైన 22, మధ్యలో 24, కింద 22గా పంచేస్తే సరి. లెక్కలో ఎత్తు కాన్వాస్ దాటిపోతే ఆ వరుసలో ఇంకో ఫొటో చేర్చండి. వరుసలో ఫొటోలు పెరిగే కొద్దీ ఎత్తు తగ్గుతుంది. మరీ తగ్గిపోతే ఒకటి తీసేయండి.

ఈ తీసేయడం దగ్గరే ఇళ్లల్లో పేచీ వస్తుంది. ఎవరి ఫొటో తీసేస్తే వాళ్లకు కోపం. అయినా 4×6 కాగితం మీద ఐదారు ఫొటోలకు మించి పెట్టకపోవడమే మేలు. 480 పిక్సెళ్ల ఎత్తు ఫొటో కాగితం మీద 1.6 అంగుళాలే. అందులో ముప్పై మంది నిలబడ్డ గ్రూపు ఫొటో పెడితే ఒక్కో ముఖం మిరియపు గింజంతైనా ఉండదు. గ్రూపు ఫొటోకు కింద వరుస మొత్తం ఇవ్వండి, లేదా పెద్ద కాగితానికి వెళ్లండి. చిన్న గళ్లలో ఒకరిద్దరు ఉన్న ఫొటోలు, అవీ దగ్గరగా కత్తిరించినవి పెట్టండి.

ఇంకో చిన్న సంగతి. ముఖాలు ఏ వైపు తిరిగి ఉన్నాయో చూసుకోండి. ఎడమ గడిలో ఉన్న మనిషి ఎడమకు, కుడి గడిలో ఉన్నవాళ్లు కుడికి చూస్తుంటే ఒకరికొకరు ముఖం తిప్పుకున్నట్టు ఉంటుంది. గళ్లు మార్చి పెడితే చాలు. ఫొటోను అద్దంలోలా తిప్పేస్తే పమిట వైపు మారుతుంది, చొక్కా జేబు కుడికి వస్తుంది, వెనక బోర్డు మీద అక్షరాలు కుడి ఎడమలుగా తిరగబడతాయి. ఆ పని చేయకండి.

పవర్‌పాయింట్ అలవాటు ఉన్నవాళ్లకు ఈ సర్దుడు అందులో ఇంకా సులువు. ఫొటోలను ఎన్నిసార్లయినా జరపొచ్చు. అలైన్ మెనూలో డిస్ట్రిబ్యూట్ హారిజాంటల్లీ నొక్కితే సందులు సమానమవుతాయి. కానీ స్లయిడ్‌ను జేపెగ్‌గా సేవ్ చేస్తే అది మామూలుగా అంగుళానికి 96 పిక్సెళ్లే ఇస్తుంది. స్లయిడ్‌ను 6×4 అంగుళాలుగా పెట్టుకుంటే బయటికొచ్చేది 576×384, అంటే ప్రింటుకు పనికిరాని ముక్క. స్లయిడ్ సైజును 18.75×12.5 అంగుళాలుగా పెట్టండి. అప్పుడు సరిగ్గా 1800×1200 వస్తుంది. వర్డ్‌లో పేర్చి, విండోస్+షిఫ్ట్+ఎస్‌తో స్క్రీన్‌షాట్ తీసి అదే ఫొటో అనుకోవడం ఇంతకన్నా నష్టం. 1366×768 తెర ఉన్న లాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్‌కు అంతకు మించి పిక్సెళ్లు రావు.

ఫొటో తీసినవాళ్లను కూడా ఫొటోలోకి తేవడం

ప్రతి కుటుంబ ఫొటోలోనూ ఒకరు లోపిస్తారు, ఫోన్ పట్టుకున్నవాళ్లు. ఇది ముందే ఆలోచించి తీస్తే పెయింట్ స్థాయి సాఫ్ట్‌వేర్‌తోనే అతుకు కనిపించకుండా కలపొచ్చు. ఫోన్‌ను స్టాండు మీదో, కుర్చీ వీపుకు ఆనించో కదలకుండా పెట్టండి. తెర మీద వేలు గట్టిగా నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. లాక్ చేయకపోతే రెండో ఫొటోకు గోడ రంగు మారిపోతుంది, ఆ తేడా అతుకు దగ్గర నిలువు గీతలా పట్టిస్తుంది. మొదటి ఫొటో తీశాక, కుడి చివర ఖాళీగా ఉంచిన చోట ఫొటో తీసినవాళ్లు నిలబడాలి. ఇంకొకరు ఫోన్ కదపకుండా రెండోది తీయాలి.

ఇప్పుడు అతుకు ఎక్కడ వేయాలో చూడండి. స్తంభం అంచు, తలుపు చట్రం, రెండు గోడలు కలిసే మూల అన్నిటికన్నా మంచివి. నేల మీద నీడ పడేచోట, తీగల మీద, చీర అంచు మీద అతుకు వేస్తే దొరికిపోతుంది. రెండు ఫొటోలూ 4000×3000 అనుకుందాం, స్తంభం 3100వ పిక్సెల్ దగ్గర ఉంది. ఇర్ఫాన్‌వ్యూలో మొదటి ఫొటో తెరిచి షిఫ్ట్+సీ నొక్కితే సెలెక్షన్ కొలతలు అంకెల్లో ఇచ్చే పెట్టె వస్తుంది. ఎడమ 0, పైన 0, వెడల్పు 3100, ఎత్తు 3000 ఇచ్చి కంట్రోల్+వైతో క్రాప్ చేసి వేరే పేరుతో సేవ్ చేయండి. రెండో ఫొటోలో ఎడమ 3100, వెడల్పు 900 ఇచ్చి అదే పని. తర్వాత ఇమేజ్ మెనూలో క్రియేట్ పనోరమా ఇమేజ్ తెరిచి రెండు ముక్కలూ వరుసలో చేర్చి, హారిజాంటల్ ఎంచుకుంటే పక్కపక్కన కలిసిపోతాయి. మౌస్‌తో జరపడం లేదు కాబట్టి ఒక్క పిక్సెల్ కూడా తేడా రాదు.

గుర్తింపు కార్డు ముందూ వెనకా ఒకే ఫైలుగా చేయడానికి కూడా ఇదే పద్ధతి, కాకపోతే వర్టికల్ ఎంచుకోవాలి. ముందే రెండు ముక్కల వెడల్పూ ఒకటి చేసుకోండి, 1011 అంటే 1011. లేదంటే చిన్నదాని పక్కన ఖాళీ పట్టీ మిగిలిపోతుంది. కార్డు ఫొటో తీసేటప్పుడు ఫోన్ వంచి పట్టుకుంటే కార్డు ఒక వైపు సన్నగా వస్తుంది. దాన్ని పెయింట్ సరిచేయలేదు, ఫోన్‌లోని డాక్యుమెంట్ స్కాన్ సదుపాయం సరిచేస్తుంది. ఆధార్ లాంటి కార్డులను ఫొటోలు కలిపే వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేయకండి. నెట్ సెంటర్ కంప్యూటర్లో చేయాల్సి వస్తే పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ కూడా తీసేసి లేవండి.

మనిషిని కత్తిరించి అతికించడం

ఒక ఫొటోలోని మనిషిని ఇంకో ఫొటోలో నిలబెట్టడం వేరే స్థాయి పని. పెయింట్‌లోని ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ చాలామందిని ఆశపెట్టి నిరాశపరుస్తుంది. కలర్ 2లో (పెయింట్‌లో వెనక రంగు ఎంచుకునే గడి) ఏ రంగు ఉంటే ఆ రంగు పిక్సెళ్లను అది కనిపించకుండా చేస్తుంది. వెనక తెల్లగా ఉందని తెలుపు ఎంచుకుంటే తెల్ల పంచె, తెల్ల చొక్కా, పళ్లు కూడా చిల్లులు పడతాయి. పైగా జేపెగ్ ఫొటోల్లో తెలుపు అంతా ఒకే తెలుపు కాదు. కంప్రెస్ చేసేటప్పుడు 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి రంగులను సర్దుతుంది కాబట్టి అంచుల దగ్గర దాదాపు తెలుపు రంగులు వందలు పుడతాయి. అవి పోవు, మనిషి చుట్టూ మురికి పట్టీలా మిగులుతాయి. విండోస్ 11 పెయింట్‌లో రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ బటన్ దీనికన్నా చాలా మెరుగు. జుట్టు దగ్గర, జడలో పూల దగ్గర అదీ తడబడుతుంది. అక్కడ జీఐఎంపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లేయర్ మాస్క్ (పొరలో అక్కర్లేని భాగాన్ని దాచే ముసుగు) వేసి, మెత్తని కుంచెతో అంచు దిద్దుకోవాలి.

కత్తిరించడం బాగా కుదిరినా బొమ్మ అతికించినట్టే కనిపించడానికి కారణాలు వేరే ఉంటాయి. ఒకరి మీద వెలుతురు ఎడమ నుంచి, ఇంకొకరి మీద కుడి నుంచి పడుతుంది. ఒక ఫొటో కంటి ఎత్తున తీసింది, ఇంకోటి కూర్చుని పైకి తీసింది. ఒకరు ట్యూబ్‌లైటు కింద నీలంగా, ఇంకొకరు మండపం దీపాల కింద పసుపుగా ఉన్నారు. పాదాల కింద నీడ లేదు. రంగు తేడా కొంత దిద్దవచ్చు, నీడను లేత నలుపుతో గీయవచ్చు. వెలుతురు దిశ, కెమెరా ఎత్తు తేడా వస్తే మాత్రం ఆ జంటను వదిలేసి వేరే ఫొటో వెతకడమే తెలివైన పని.

కాలం చేసిన తాతయ్యనో నాన్నమ్మనో మనవరాలి పెళ్లి ఫొటోలో నిలబెట్టమని స్టూడియోలను అడగడం మన దగ్గర చాలా మామూలు. ఉన్నది ఒకే ఒక్క పాత నలుపు తెలుపు ఫొటో, అదీ చిన్నది. దానికి రంగులేసి, ఎవరిదో శరీరం తగిలించి నిలబెడితే వచ్చే మనిషి ఆయన కాడు, ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుస్తుంది. ఇంతకన్నా గౌరవంగా ఉండే దారి ఉంది. కొలాజ్‌లో ఒక గడి ఆయనకే ఇచ్చి ఆ ఫొటోను ఉన్నది ఉన్నట్టు పెట్టండి. పక్క గళ్లలోని ఫొటోలను కూడా నలుపు తెలుపు చేస్తే మొత్తం ఒకే బట్టలా కలిసిపోతుంది. ఆ పాత ఫొటోను ఫోన్‌తో ఫొటో తీయకండి, గాజు మీద మెరుపు పడుతుంది. ఫ్రేములోంచి తీసి స్కాన్ చేయించండి. ఉన్నంత కొలతలోనే ప్రింటు కావాలంటే 300 డీపీఐ చాలు, రెట్టింపు కావాలంటే 600. రెండంగుళాల ఫొటోను 600తో స్కాన్ చేస్తే 1200 పిక్సెళ్లు వస్తాయి, 4×6లో పెద్ద గడికి అది ధారాళం. ఫొటో గాజుకు అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకవద్దు, పైపొర ఊడొస్తుంది. గాజుతోనే స్కానర్ మీద పెట్టించండి.

తెలుగు అక్షరాలు, సేవ్, ప్రింటు

పేర్లు, తేదీలు తెలుగులో రాయాలంటే యూనికోడ్ ఫాంట్లు వాడండి. విండోస్‌లో నిర్మలా ఉంటుంది. మండలి, రామభద్ర, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. పెయింట్‌లో ఒత్తులు సరిగానే పడతాయి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా భాషల అమరికను ఎంచుకోలేదని అర్థం. పెయింట్‌లో టెక్స్ట్ పెట్టె బయట క్లిక్ చేశాక అక్షరాలు పిక్సెళ్లు అయిపోతాయి, దీర్ఘం తప్పు పడినా మార్చలేరు. అక్షరాలు వేయకముందు ఒక కాపీ సేవ్ చేసి ఉంచండి.

పని జరుగుతున్నంతసేపు పీఎన్‌జీలోనే సేవ్ చేయండి. జేపెగ్‌గా సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి దిద్ది సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పెయింట్‌లో నాణ్యత ఎంతో చెప్పే అవకాశం కూడా ఉండదు. అంతా పూర్తయ్యాక చివరి కాపీని జేపెగ్ చేయండి. దరఖాస్తుల్లో ఇన్ని కేబీ లోపు అని అడిగితే ముందు పిక్సెళ్లు వాళ్లు అడిగినంతకు తగ్గించి, అప్పుడు ఇర్ఫాన్‌వ్యూ జేపెగ్ సేవ్ పెట్టెలో ఫైల్ సైజు దగ్గర ఆ అంకె ఇవ్వండి. పిక్సెళ్లు తగ్గించకుండా కేబీలే తగ్గిస్తే ముఖం గళ్లు గళ్లుగా మారుతుంది. స్టూడియోకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడే మీరు లెక్కేసిన పిక్సెళ్లన్నీ అవతలికి చేరతాయి.

ఇంట్లో ప్రింటు తీస్తే పెయింట్‌లోంచి నేరుగా తీయకపోవడం మంచిది. కొత్త కాన్వాస్‌ను అది అంగుళానికి 96 పిక్సెళ్లుగా లెక్కేస్తుంది. దాని దృష్టిలో మీ 1800×1200 షీటు పద్దెనిమిది ముప్పావు అంగుళాల వెడల్పు. పేజ్ సెటప్‌లో సర్దకపోతే నాలుగైదు కాగితాల మీద ముక్కలుగా రావచ్చు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ ఎంచుకుంటే వచ్చే కిటికీలో 4×6 కాగితం ఎంచుకోండి. కింద ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్ అన్న చోట టిక్ తీసేయండి. అది ఉంటే కాగితం నిండేవరకు ఫొటోను పెంచి అంచులు కోసేస్తుంది. స్టూడియోలో కూడా అంచుల్లేని ప్రింటు వేస్తే చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతాయి. కొలాజ్‌లో ముఖాలు, అక్షరాలు అంచుకు మరీ దగ్గరగా పెట్టకండి. పాస్‌పోర్ట్ షీటైతే కోత లేకుండా, ఉన్న కొలతకే వేయమని చెప్పండి.

మొదటి కాగితం బయటికి రాగానే ఒక ఫొటో మీద స్కేలు పెట్టి కొలవండి. వెడల్పు 35 మి.మీ. ఉంటే మిగతావి వేయించండి. 33 ఉంటే ఎక్కడో ఫిట్ టు పేజ్ పనిచేసింది. 36, 37 ఉంటే అంచుల్లేని ప్రింటు కోసం పెంచారు. రెండు సందర్భాల్లోనూ ఫైలు ముట్టుకోకండి, మార్చాల్సింది ప్రింటర్ సెట్టింగే.